ఖాళీ బెంచీలకి చెప్పిన పాఠం

జూలై 18

తమ్ముడికి,

ఆశీస్సుల సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు రాయడానికి చెయ్యి రావటం లేదు.

నీ ఫోన్ ఎత్తడం లేదని మీ బావ దగ్గర మొత్తుకున్నావట. ఎత్తను. ఫోన్లో మాట్లాడితే పావుగంటలో నన్ను నవ్వించి నీ పని చేయించుకుపోతావు. వేసవి సెలవుల్లో అలాగే చేయించుకున్నావు. ఇకమీదట ఏదున్నా కాగితం మీద రాయి. రాసిన మాటని తర్వాత నేనలా అనలేదని బుకాయించడానికి వీలుండదు.

మొన్న సోమవారం మా బడిలో ఆరో తరగతి గదికి మీ కంపెనీ తెర వచ్చింది. బ్లాక్ బోర్డులో సగం దాని వెనక్కి పోయింది. పిల్లలకి తలా ఒక ట్యాబ్లెట్ ఇచ్చారు. హెడ్మాస్టర్ గారు స్వయంగా వచ్చి మొదటి పాఠం నొక్కారు. భిన్నాల కూడిక. చెబుతున్నది నేనే, వేసవిలో మీవాళ్ళు కెమెరాతో తీసిన పాఠం. నా క్లాసులో నా కుర్చీలో కూర్చుని నన్ను నేనే గుడ్లప్పగించి చూస్తున్నాను.

ఆ తెర మీది మనిషి ఒకటి బై రెండుకి ఒకటి బై మూడు కలిపి రెండు బై అయిదు అని రాసింది. రాసి, కింద గీత గీసి, "ఇంతే, చాలా తేలిక" అని నవ్వుతూ తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయింది.

మూడో బెంచీలో ఒక కళ్ళజోడు పిల్ల ఉంది. లేచి నిలబడింది. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిపోయిందేంటి టీచర్ అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. హెడ్మాస్టర్ గారు నా వైపు చూశారు. నాకు తల తీసేసినట్టయింది. ఆ పిల్ల సాయంత్రం ఇంట్లో చెప్పింది. మర్నాడు వాళ్ళ నాన్న ఫిర్యాదు రాసి తెచ్చాడు.

నేను అలా చెప్పలేదు. రోజుకో తప్పు కావాలనే బోర్డు మీద రాస్తాను. రాసి నోరు మూసుకుని నిలబడతాను. ఎవరో ఒకరు లేచి తప్పు అనేదాకా సుద్దముక్క కదపను. అప్పుడు చెరిపి వాళ్ళచేతే సరి చేయిస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే నా పద్ధతి. ఈ ఏడాది పిల్లలు కొత్తవాళ్ళు, వాళ్ళకింకా తెలియదు. నీకు తెలియదా? నేను ఆగిన ఆగడం ఏమైంది? చెరిపిన చెరపడం ఏమైంది? తప్పొక్కటే ఉంచి మిగతాదంతా ఎవడు మింగాడు?

ఆ పాఠం తీసేయించు. వారం రోజులు చూస్తాను.

అక్క

జూలై 25

అక్కకి నమస్కారాలు. నేను నమస్కారాలు రాశాను, గమనించు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి భయం వేసింది. కెమెరా ముందు కావాలని తప్పు రాశానని నీ చేత్తో నువ్వే రాసి పంపావు. ఇది ఇంకెవరికైనా చూపించావా?

నీ పద్ధతి నాకు తెలియదు. నాకెలా తెలుస్తుంది? మనింట్లో నువ్వు నాకు లెక్కలు చెప్పినన్నాళ్ళూ ఒక్క తప్పు రాయలేదు. రాసేవాణ్ణి నేను. సరే, క్లాసులో రాస్తావనే అనుకుందాం. ఆ రోజు క్లాసు ఎక్కడుంది? సెలవులు. ఖాళీ గది. నువ్వు, కెమెరా మనిషి, బెంచీలు. ఎవరు లేచి తప్పంటారని రాశావు? బెంచీలా?

నాకు గుర్తుంది. రికార్డింగ్ అయ్యాక మీ ఇంట్లో టీ తాగుతూ అన్నావు, మీ తెరలు ఆరు నెలలు తిరక్కుండా బోర్లా పడకపోతే నన్నడుగు అని. బావగారు కూడా విన్నారు. ఇప్పుడు ఆరు నెలలు కూడా ఆగలేదు. నువ్వే ఒక తోపు తోశావు.

మా పాఠాలు మూడు వందల నలభై బడులకి వెళుతున్నాయి. అందులో తొంభై ఆరు బడుల్లో లెక్కల టీచరే లేరు. డ్రిల్లు మాస్టారో, ఎవరూ లేకపోతే గుమాస్తానో వచ్చి అటెండెన్స్ వేసి పోతారు. అక్కడ కూర్చున్న పిల్లకి నువ్వు దొరకవు. నువ్వున్నది ఒక్క గదిలో. ఆ పిల్ల కోసమే నిన్ను బతిమాలి కెమెరా ముందు నిలబెట్టాను. నువ్వు ఆ పిల్లకి రెండు బై అయిదు నేర్పావు. ఇప్పటికి పదకొండు చోట్ల నుంచి ఫిర్యాదులొచ్చాయి. లెక్కల విభాగం నాది కాబట్టి పైవాళ్ళు రోజూ నన్నే కూర్చోబెట్టి కడిగేస్తున్నారు.

పాఠం వారంలో తీసేయడం కుదరదు. తెర మీదికి ఎక్కింది దిగాలంటే దానికో వరస ఉంది. ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కాస్త నోరు అదుపులో పెట్టుకో.

తమ్ముడు

ఆగస్టు 6

తమ్ముడికి,

నోరు అదుపులోనే ఉంది. విప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

విచారణ వేశారు. అది తేలేదాకా నేను క్లాసులోకి అడుగు పెట్టకూడదట. మెట్ల కింద చీపుళ్ళు పెట్టుకునే గది ఒకటుండేది. చీపుళ్ళు బయటికి తీసి నన్ను లోపల పెట్టారు. నా పని ఏమిటో తెలుసా? ట్యాబ్లెట్లకి ఛార్జింగ్ పెట్టడం. పొద్దున్నే నూట ఇరవై తీసుకుంటాను, ప్లగ్గులకి తగిలిస్తాను, ఎర్ర దీపం పచ్చగా మారితే తీసి గదులకి పంపుతాను. పై అంతస్తులో నా గొంతు వినిపిస్తూ ఉంటుంది. నేను కింద కూర్చుని ఆ గొంతుకి కరెంటు పెడుతున్నాను.

విచారణాధికారి మర్యాదస్తుడే. తప్పు రాసి చెప్పే ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉందమ్మా అని అడిగారు. ఏ పుస్తకంలోనూ లేదన్నాను. అదే రాసుకున్నారు. తర్వాత మీ కంపెనీ పంపిన జవాబు చదివి వినిపించారు. పాఠంలోని విషయానికి పూర్తి బాధ్యత పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలిదే, ఒప్పందం తొమ్మిదో పేజీ చూడగలరు. కింద సంతకం నీది. ఆ సంతకం నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పెన్ను పట్టుకోవడం నీకు నేర్పింది నేను.

తొమ్మిదో పేజీ నేను చదవలేదు. అసలు ఏ పేజీ చదవలేదు. వేసవిలో తమ్ముడు సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. చదివి పెట్టడానికి నువ్వేమైనా పరాయివాడివా అనుకున్నాను.

ఖాళీ గదిలో ఎందుకు రాశావని అడిగావు. అలవాటు. సుద్దముక్క చేతిలోకి రాగానే చెయ్యి దానంతటది రాసేసింది. రాసి ఎప్పటిలాగే ఆగాను. ఎదురుగా పిల్లలు లేరని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ ఏమీ అనరేం అని నాలో నేనే అనుకుని, చెరిపి సరిగ్గా చెప్పాను. ఇందులో నీకు కుట్ర కనిపించింది. కనిపిస్తుందిలే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి.

నాకు ఇంకో మూడేళ్ళు సర్వీసు ఉంది. లెక్కలు రాని లెక్కల టీచరనిపించుకుని పోను. నాకు కావలసింది ఒక్కటే. నా క్లాసు. దానికి అడ్డం వచ్చింది నువ్వు.

అక్క

ఆగస్టు 17

అక్కకి నమస్కారాలు.

ఆ జవాబు నేను రాసింది కాదు. అలాంటి జవాబులు ముందే తయారుగా ఉంటాయి, విభాగం పెద్ద కింద సంతకం పెడతాడు. పెట్టకపోతే వేరేవాడు పెడతాడు. ఈ మాట నీకు రుచించదని తెలుసు.

పెన్ను పట్టుకోవడం నేర్పానన్నావు. ఇంకేం నేర్పావో నేనూ చెబుతాను. నాకు ఎనిమిదేళ్ళు. బల్లకి అటు నువ్వు, ఇటు నేను. భాగహారం ఒకసారి చెప్పేదానివి. అర్థమైందా అనేదానివి. కాలేదంటే ముక్కులోంచి ఒక నిట్టూర్పు వదిలేదానివి. ఆ నిట్టూర్పుకి భయపడి అన్నీ అర్థమయ్యాయనే చెప్పాను. పదో తరగతి దాకా భాగహారం రాకుండానే లాక్కొచ్చాను. రెండోసారి అడగాలంటే నాకు చచ్చేంత భయం. తెర నిట్టూర్చదక్కా. ఇరవైసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు. నేను ఈ ఉద్యోగంలో చేరింది అందుకు. నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పించావు.

ఇక అసలు సంగతి. నిన్న బావగారు ఫోన్ చేశారు. నువ్వు చల్లబడ్డావని, ఏదో ఒక దారి చూడమని అన్నారు. సంతోషం. దారి ఇదిగో, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఇక ముందు పాఠాలకి నువ్వు బోర్డు దగ్గర నిలబడక్కర్లేదు. నీ గొంతు వాడుకోవడానికి ఒప్పుకుంటే చాలు. కంప్యూటరే ఆరో తరగతి నుంచి పది దాకా అన్ని పాఠాలూ నీ గొంతుతో తయారు చేసేస్తుంది. రాబోయే కాలమంతా ఇలాగే ఉంటుంది, నువ్వు కాదన్నా అవునన్నా. నువ్వు సంతకం పెడితే, భిన్నాల పాఠంలో జరిగింది సాంకేతిక లోపమని కంపెనీ విచారణకి రాసిస్తుంది. నీ క్లాసు నీకు వస్తుంది. మూడు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టాను, అక్కడ పెట్టు. ఈసారి చదివే పెట్టు.

తమ్ముడు

ఆగస్టు 23

తమ్ముడికి,

మీ బావ నన్నడిగి చేయలేదు ఆ ఫోన్. నేను చల్లబడటమేమిటి? ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు వరండాలో ఉంటున్నాం. ఆయన మంచితనంతో నాకు వచ్చే తలనొప్పులు నీ తెలివితేటలతో వచ్చేవాటికంటే తక్కువేం కాదు.

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. నాలుగు ముక్కలు చేశాను. ఒక్కో ముక్క ఒకటి బై నాలుగు. కూడుకో, మొత్తం వస్తుంది.

నా గొంతు కావాలా? నేను అనని మాటలు నా గొంతుతో అనిపిస్తావా? ఆ ఒక్క పాఠంలోనే నేను చెప్పింది కోసేసి చెప్పనిది మిగిల్చారు. ఇంకా నూరు పాఠాలు నా పేరున వదిలి, రేపు వాటికి కూడా తొమ్మిదో పేజీ చూపిస్తారు. నా మీద పడ్డ మచ్చని నా గొంతు అమ్మి కడుక్కోమని సొంత తమ్ముడు బేరం పెట్టాడని ఎవరికి చెప్పుకోను?

నిట్టూర్పు సంగతి రాశావు. నువ్వు అర్థమైందని తలూపితే నిజమే అనుకున్నాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, నిట్టూరిస్తే ఎదుటివాడికి వినపడుతుందని కూడా తెలియదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి తెలుసుకో. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది క్లాసు నిండా అలాంటి మొహాలే ఉండేవి, అర్థమైందని తలూపే మొహాలు. ఒక రోజు నిజంగానే పొరపాటున తప్పు రాశాను. ఏడాదంతా నోరు విప్పని పిల్లవాడు లేచి తప్పు టీచర్ అని అరిచాడు. అడగడానికి భయపడే పిల్లలు టీచర్ తప్పు పట్టుకోవడానికి మాత్రం ఎగిరి దూకుతారు. ఆ రోజు నుంచీ తప్పులు రాస్తున్నాను. నీ తెర నిట్టూర్చదు, నిజమే. నీ తెర తప్పంటే వినను కూడా వినదు.

నిన్న మీ కెమెరా మనిషి కనిపించాడు. కోయకముందు ఉన్న అసలు రికార్డింగ్ ఎప్పుడూ పారేయరని చెప్పాడు. అది నువ్వు చూశావా? లేక చూడకుండానే నన్ను కుట్రదారుని చేశావా? దీనికొక్కదానికి జవాబు రాయి.

అక్క

సెప్టెంబర్ 10

అక్కకి,

చూడలేదు. నువ్వడిగాక చూశాను. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

అసలుది పదిహేడు నిమిషాలు. బడులకి వెళ్ళింది ఆరు నిమిషాలు. నువ్వు రెండు బై అయిదు రాసి ఇటు తిరిగావు. తొమ్మిది సెకన్లు కదలకుండా నిలబడ్డావు. మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళావు. ఎవరూ ఏమీ అనరేం అన్నావు. చెరిపేశావు. మళ్ళీ మొదట్నుంచి చేసి అయిదు బై ఆరు తెప్పించి, ఇంతే, చాలా తేలిక అన్నావు.

మా దగ్గర పాఠాలు కోసే సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు సెకన్లు దాటి ఎవరూ మాట్లాడకపోతే అక్కడ కోసేస్తుంది. ఒకే లెక్క రెండుసార్లు వస్తే రెండోది తీసేస్తుంది. నీ తొమ్మిది సెకన్లు పోయాయి. సరైన లెక్క రెండోది కాబట్టి అదీ పోయింది. చివరి మాట తెచ్చి తప్పు పక్కన అతికించింది. దానికి తప్పొప్పులు తెలియవు, పొడుగూ పొట్టీ తెలుసు.

కోసిన తర్వాత ఒక మనిషి మొత్తం చూసి ఆమోదించాలి. ఆ మనిషి నేను. నీవి మొత్తం పద్దెనిమిది పాఠాలు. వేరేవాళ్ళ పాఠాలు ప్రతి ఒక్కటీ కూర్చుని చూశాను. నీవి ఒక్కటీ చూడలేదు. అక్క చెప్పిన లెక్కలో తప్పుంటుందా అని నొక్కుకుంటూ పోయాను. నువ్వు చదవకుండా సంతకం పెట్టావు, నేను చూడకుండా ఆమోదం పెట్టాను. ఇద్దరం కలిసి పప్పులో కాలేశాం. తిట్టాలనుకుంటే ఇద్దరినీ కలిపి తిట్టు.

ఇది విచారణకి ఇస్తే నా ఉద్యోగం ఉండదు. పిల్లలిద్దరూ ఇంకా బడిలో ఉన్నారు. ఏం చేయాలో నాకు తోచడం లేదు. కొంచెం టైం ఇవ్వు. అందాకా ఈ రికార్డింగ్ సంగతి విచారణలో ఎత్తకు. ఇది అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

తమ్ముడు

సెప్టెంబర్ 28

అడిగావు కాబట్టి ఎత్తలేదు. ముగింపు విచారణలో ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అని ఆ అధికారి మూడుసార్లు అడిగారు. లేదన్నాను. నోట్లో మాట నోట్లోనే నొక్కేసుకుని మెట్ల కింద గదికి వచ్చి కూర్చున్నాను.

ఆ గదికి తలుపు లేదని నీకు తెలియదేమో. ఆ మధ్యాహ్నమే నువ్వు మెట్లెక్కడం చూశాను. గంట తర్వాత దిగావు. హెడ్మాస్టర్ గారు నీ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. నేను అయిదడుగుల దూరంలో చేతిలో ప్లగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను చూశావు. తల దించుకుని గేటు దాటి వెళ్ళిపోయావు.

నన్ను నోరెత్తొద్దని, నువ్వు వచ్చి నీ మాట చెప్పుకుని పోయావు. చాలా తేలిక.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. నాకు తమ్ముడు లేడనుకుంటాను.

అక్టోబర్ 11

అక్కకి నమస్కారాలు.

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఇది చివరిది అనుకో.

ఆ రోజు నేను వచ్చింది పదిహేడు నిమిషాల రికార్డింగ్ ఇవ్వడానికి. ఉత్తర్వు వచ్చేదాకా నీతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదని విచారణవాళ్ళు ముందే సంతకం చేయించుకున్నారు. ఆ కాగితం మాత్రం చదివాను. అందుకే తల దించుకున్నాను. ఎత్తితే నీ చేతిలో ప్లగ్గు చూసి ఏదో ఒకటి అనేసేవాణ్ణి.

హెడ్మాస్టర్ గారి నవ్వు సంగతి కూడా చెప్పాలి. గదిలో తెర వేసి చూశాం. నువ్వు రెండు బై అయిదు రాసి ఇటు తిరిగి నిలబడ్డావు. అధికారి కుర్చీలో కదిలారు. అయిదో సెకనుకి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏడో సెకనుకి ఆగలేక, "తప్పు కదమ్మా అది" అని తెరతోనే అనేశారు. అని, మా వైపు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. హెడ్మాస్టర్ గారు నవ్వింది దానికి.

ఉత్తర్వు నీకు ఈపాటికి అందే ఉంటుంది. నీ మీద ఏ తప్పూ లేదని రాశారు. సోమవారం నుంచి నీ క్లాసు నీదే.

నన్ను లెక్కల విభాగం నుంచి తీసేశారు. పాఠాల కింద అక్షరాలు పడతాయి చూడు, అవి సరిచూసే పని ఇచ్చారు. గదిలో చిన్నవాళ్ళ మధ్య ఒక మూల బల్ల. ఉద్యోగమైతే ఉంది. ఇదంతా నీ కోసం చేశానని అనుకోకు. మూడు వందల నలభై బడుల్లో రెండు బై అయిదు ఉందని తెలిసి అన్నం సహించలేదు, అంతే.

నీ పాఠాలు పద్దెనిమిదీ తీసేశారు. వాటి చోట కంప్యూటర్ గీసిన బొమ్మ వచ్చి చెబుతుంది. బొమ్మ తప్పు రాయదు, ఆగదు. ఇకమీదట పాఠాలన్నీ అవేనట.

తమ్ముడు లేడనుకుంటానన్న ఉత్తరం అందింది. దాచుకున్నాను. నువ్వు చేసిన తప్పుల్లో నా దగ్గర చేతిరాతతో ఉన్నది అదొక్కటే.

తమ్ముడు

అక్టోబర్ 25

తమ్ముడికి,

ఉత్తర్వు అందింది. నువ్వు చెప్పకుండా చేశావు, నేను అడగకుండా అనేశాను. ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సింది. మూల బల్ల సంగతి చదివి ఏడుపొచ్చింది, దాచను. అంతమాత్రాన నిన్ను క్షమించానని లెక్క వేసుకోకు. ఆగస్టులో పంపిన ఆ కాగితం నాకింకా గొంతులో ముల్లులాగే ఉంది.

ఇప్పుడు నీకు ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

సోమవారం క్లాసుకి వెళ్ళాను. బోర్డుకి అడ్డంగా ఉన్న తెరని గోడవైపు తోయించాను. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు. రెండు బై అయిదు అని రాసి, ఇటు తిరిగి నిలబడ్డాను. ముప్పై నాలుగు తలలు వంగాయి. ముప్పై నాలుగు పుస్తకాల్లో రెండు బై అయిదు పడింది. ఒక్కరు పెదవి కదపలేదు. చాలాసేపు చూశాను. చెరిపేసి నేనే సరి చేశాను.

తెర ముందు మూడు నెలలు కూర్చుని బుర్రలు మొద్దుబారాయనుకున్నాను. నీకు, మీ కంపెనీకి కలిపి మనసులో నాలుగు పేజీల ఉత్తరం రాసుకున్నాను. మంగళవారం ఇంకా పెద్ద తప్పు రాశాను. మూడుకి నాలుగు కలిపి ఎనిమిది అన్నాను. అదీ రాసుకున్నారు. బుధవారం కూడా అంతే.

బుధవారం గంట కొట్టాక కళ్ళజోడు పిల్లని ఆపాను. నువ్వు రాసింది సరైనదేనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. తప్పని తెలుసా అన్నాను. అందరికీ తెలుసు టీచర్ అంది. మరెందుకు చెప్పలేదు అంటే మాట్లాడదు. నేను నిట్టూర్చకుండా ఆగాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. అప్పుడు చెప్పింది.

"పోయినసారి నేను తప్పు అన్నందుకే కదా టీచర్, మిమ్మల్ని మెట్ల కింద కూర్చోబెట్టారు. అందరం అనుకున్నాం, ఇక మీరేం రాసినా తప్పనకూడదని."

ముప్పై నలుగురూ కూడబలుక్కున్నారట. ఇంట్లో కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారట. మూడు నెలలుగా మెట్లు దిగుతున్న ప్రతిసారీ ఆ పిల్ల నా చేతిలో ప్లగ్గులు చూసి, అది తన వల్లే అనుకుని ఇంటికి వెళ్ళింది. నేను ఆ పిల్లని ఒక్కసారి పలకరించలేదు. నా గోల నాకు ఎక్కువైంది.

నీ తప్పేం లేదు, నా పద్ధతి అది అని చెప్పాను. తల ఊపింది. నాకు ఆ తల ఊపడం తెలుసు. గురువారం క్లాసంతటికీ చెప్పాను. అందరూ ఊపారు. రాశాను. రాసుకున్నారు. నోటితో చెబితే నమ్మే విషయం కాదిది. వాళ్ళు కళ్ళతో చూశారు, టీచర్ తప్పంటే టీచర్ ఏమైపోతుందో.

నా క్లాసు నాకు ఇప్పించావు. అందులో నన్ను కాదనేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇలా అయితే నేను కూడా ఒక తెరనే.

కాబట్టి నీ సాయం కావాలి. నా తప్పు పట్టుకోవడంలో నీ అంత సరదా ఉన్న మనిషిని నేను ఎరగను. మూడు నెలలుగా ఉత్తరాల్లో నువ్వు చేసిన పని అదే, ఎక్కడా తడబడలేదు. ఆఫీసుకి సెలవు పెట్టు. వచ్చే శుక్రవారం మూడో పీరియడ్‌కి వచ్చి వెనక బెంచీలో కూర్చో. ఎవరని ఎవరికీ చెప్పను. నేను తప్పు రాస్తాను. నువ్వు లేచి నిలబడి, నా మొహం మీద, గది దద్దరిల్లేలా తప్పు అను.

ఆ తర్వాత వెంటనే వెళ్ళిపోకు. పీరియడ్ అయ్యేదాకా కూర్చో. తప్పన్నాక కూడా నేను అక్కడే బోర్డు దగ్గర నిలబడి ఉన్నానని వాళ్ళు చూడాలి.

అక్క